నౌకాదళ అధికారి గీసిన మధ్యధరా తీరాలను ఎలా చదవాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ నౌకాదళ అధికారి ఒకరు మధ్యధరా సముద్ర తీరాలపై, రేవులపై వేసిన నీటిరంగుల స్కెచ్‌ల సంపుటిని మీరు డిజిటల్ ప్రతుల్లో చూశారు. ఒకే కొండ వరుసగా మూడు పుటల్లో వస్తోందని, ఊళ్లు చుక్కల్లా ఉన్నాయని, కాగితంలో సగానికి పైగా ఖాళీ సముద్రమేనని, కొండల మీద ఆంగ్ల అక్షరాలూ అంకెలూ ఉన్నాయని, మధ్యాహ్నపు ఆకాశం కూడా గులాబి రంగులో ఉందని రాశారు. వీటిని చిత్రకళగా చూడాలా, కార్యాలయపు కాగితాలుగా చూడాలా, వీటిలో కనిపించే తీరాన్ని నమ్మవచ్చా అని అడిగారు.

నేను సముద్ర సర్వే ఉద్యోగంలో పనిచేసినవాణ్ణి. ఇలాంటి తీరచిత్రాలను పటాల పక్కన పెట్టుకుని చదవడం మొదట వృత్తిలో భాగంగా ఉండేది, ఇప్పుడు ఇష్టంతో చేస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: వీటిని చూసేటప్పుడు కొండ కంటే, కోట కంటే ముందు వెతకవలసింది ఓడను. చిత్రంలో కనిపించని ఆ ఓడ తీరానికి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఏ వెలుతురులో నిలిచి ఉందో పోల్చుకోగలిగితే మీ సందేహాల్లో చాలా భాగం వాటంతటవే విడిపోతాయి. కళా, కాగితమా అన్న ప్రశ్నకు కూడా అప్పుడే సరైన జవాబు దొరుకుతుంది.

అసలు ఇలాంటి చిత్రాల అవసరం ఎందుకు వచ్చిందో ముందు చెప్పుకోవాలి. పటం తీరాన్ని పైనుంచి చూపిస్తుంది, కానీ డెక్కు మీద నిలబడినవాడికి అదే తీరం పక్కనుంచి, నీటి మీద పరిచిన సన్నని పట్టీలా కనిపిస్తుంది. పటంలోని మెలికల గీతకూ, కంటి ముందున్న ఆ పట్టీకీ పొత్తు కుదిరితేనే రేవు ముఖద్వారం ఎక్కడుందో తెలుస్తుంది. కుదరకపోతే ఓడ రాళ్ల పాలవుతుంది. మన కోస్తాలో వేట నుంచి తిరిగి వచ్చే మత్స్యకారులు కొండనో, గుడి గోపురాన్నో, తాటితోపునో గురిపెట్టుకుని తమ రేవును పోల్చుకున్నట్టే, ఆ అధికారి కూడా రేపు మరో ఓడలో అదే చోటికి వచ్చే అపరిచితుడి కోసం ఆ గుర్తులను కాగితం మీద పెట్టాడు. 1584లో డచ్చి నావికుడు వాఖెనార్ అచ్చు వేయించిన సముద్ర పటాల సంపుటిలోనే ఇటువంటి తీర దృశ్యాలు ఉన్నాయి. బ్రిటన్ విషయానికి వస్తే, 1795లో అడ్మిరాల్టీ, అంటే నౌకాదళాన్ని నడిపే ప్రభుత్వ శాఖ, తన జలపటాల కార్యాలయాన్ని నెలకొల్పి అలెగ్జాండర్ డాల్రింపుల్‌ను దానికి మొదటి అధిపతిని చేసింది. ఈయన 1750లలో ఈస్టిండియా కంపెనీ రైటరుగా, అంటే గుమాస్తాగా, మద్రాసుకు వచ్చినవాడు, తర్వాత ఆ కంపెనీ పటాల పనిలోనే చేయి తిరిగినవాడు. సముద్రం మీద నుంచి తీరం ఎలా అగుపిస్తుందో చూపే దృశ్యాలను ఆయన పటాలతో పాటు పెద్ద సంఖ్యలో ప్రచురించాడు. తర్వాతి కాలంలో ఓడల అధిపతులు తాము తాకిన రేవుల వివరాలను, లంగరు నిలిచే చోట్లను, మంచినీటి వసతిని, గాలుల తీరును రిమార్క్ బుక్ అనే పుస్తకంలో రాసి లండనుకు పంపడం విధిగా మారింది. ఇలాంటి స్కెచ్‌లు ఎక్కువగా ఆ పుస్తకాల కోసమో, ఆ పని చేస్తూ మిగిలిన తీరికలోనో పుట్టాయి.

ఈ పనికి ఎంత విలువ ఉండేదో తెలియడానికి ఒక్క సంఘటన చాలు. సార్డీనియాకు ఉత్తరపు కొసన, కోర్సికాకు ఎదురుగా ఉన్న లా మద్దలేనా ద్వీపాల మధ్య నీళ్లను 1802లో కెప్టెన్ జార్జ్ ఫ్రెడరిక్ రైవ్స్ అజిన్‌కోర్ట్ అనే యుద్ధనౌక నుంచి సర్వే చేశాడు. మరుసటి ఏడాది చివర్లో, ఫ్రెంచి నౌకాదళపు తూలోన్ రేవును కాపు కాస్తున్న బ్రిటిష్ సేనాని నెల్సన్ తన నౌకలన్నిటినీ తెచ్చి అక్కడ లంగరు వేయించాడు. 1805 జనవరి 19న ఫ్రెంచి నౌకలు తూలోన్ విడిచాయన్న వార్త రాగానే, ఆ సాయంత్రం చీకట్లోనే, ఒకదాని వెనుక ఒకటిగా తప్ప వెళ్లలేని ఇరుకు దారిలో ఆ భారీ ఓడలన్నీ బయటపడ్డాయి. అంతకు మూడేళ్ల ముందు ఒక అధికారి ఓపికగా చూసి, కొలిచి, గీసి పెట్టిన రాళ్లూ లోతులూ లేకపోతే ఆ లంగరుచోటును ఎవరూ నమ్మి ఉండేవారు కారు.

ఇక ఓడను వెతకడం ఎలాగో చూద్దాం. ఇందుకు విలియం హెన్రీ స్మిత్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1788లో పుట్టిన స్మిత్ వాణిజ్య నౌకల్లో జీవితం మొదలుపెట్టాడు. ఆయన పనిచేస్తున్న ఈస్టిండియా కంపెనీ ఓడ కార్న్‌వాలిస్‌ను 1805లో నౌకాదళం కొనుక్కున్నప్పుడు ఆ ఓడతో పాటే దళంలోకి వచ్చాడు. నెపోలియన్ యుద్ధాల చివరి ఏళ్లలో సిసిలీకి చేరి, ఆ ద్వీపం చుట్టూ సర్వే చేసి, ఆ తర్వాత ఏడ్రియాటిక్ సముద్రంలోనూ ఉత్తర ఆఫ్రికా తీరం వెంబడీ 1824 దాకా అదే పనిలో ఉన్నాడు. సిసిలీ, మాల్టా తీరాల అట్లాసు 1823లో వెలువడింది. మరుసటి ఏడాది సిసిలీ గురించి ఆయన రాసిన గ్రంథం తీర దృశ్యాలతో సహా అచ్చయింది. తోటి నావికులు ఆయనను మెడిటెరేనియన్ స్మిత్ అని పిలుచుకున్నారు.

స్మిత్ 1815లో ఎట్నా పర్వతం ఎత్తును 10,874 అడుగులుగా లెక్కకట్టాడు. తమ పర్వతం ఇంకా చాలా ఎత్తని నమ్ముతూ వచ్చిన కటానియా నగరవాసులు దీన్ని ఒప్పుకోలేదు. 1824లో ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్, స్మిత్ లెక్క సంగతి తెలియకుండానే, వాయుభారమాపకంతో కొలిచి 10,872½ అడుగులని తేల్చాడు. వేర్వేరు పద్ధతుల్లో వచ్చిన రెండు లెక్కల మధ్య తేడా రెండడుగులు కూడా లేదు. తీర దృశ్యాలు గీసిన చేయి ఎటువంటి చేయో తెలియాలని ఈ సంగతి చెబుతున్నాను. కొండ వాలును అందంగా కనిపించడానికి అటో ఇటో వంచే మనిషి కాడు స్మిత్.

ఎట్నా లాంటి పర్వతాన్ని సముద్రం మీద నుంచి గీసేవాడికి భూమి గుండ్రదనమే ఒక చిక్కు. డెక్కు మీద నిలబడినవాడి కన్ను నీటికి 5 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే అతని దిగంతం సుమారు 8 కిలోమీటర్ల దూరంలోనే ముగుస్తుంది. అంతకు ఆవల ఉన్నదంతా భూమి వంపు వెనక్కి కొద్దికొద్దిగా జారిపోతుంది. 100 కిలోమీటర్ల దూరాన ఉన్న పర్వతమైతే దాని కింది భాగం దాదాపు 600 మీటర్ల మేర నీటి గీత వెనక దాగిపోతుంది. మాల్టా నుంచి చలికాలపు తేట ఉదయాల్లో, 200 కిలోమీటర్ల అవతల, ఎట్నా మంచు తల మాత్రమే కనిపించడానికి ఇదే కారణం. కాబట్టి మీ సంపుటిలో పాదం లేని కొండ ఒకటి సముద్రంలోంచి నేరుగా లేచి, కింద ఊరూ చెట్టూ ఏమీ లేకుండా, పలచని నీలి బూడిద రంగులో ఉంటే అది చిత్రకారుడి బద్ధకం కాదు. ఓడ ఇంకా చాలా దూరంలో ఉంది. తర్వాతి పుటలో అదే కొండ కింద గోధుమరంగు పట్టీ తేలి ఉంటుంది, వాలు మీద లోయల నీడలు రెండు మూడు కనిపిస్తాయి. మూడో పుటకు నీటి అంచున తెల్లటి చుక్కలు వస్తాయి, అవి ఇళ్లు. ఒక కొండనే మూడుసార్లు ఎందుకు గీశాడన్న మీ సందేహానికి ఇదే సమాధానం. ఓడ రేవును సమీపిస్తున్న కొద్దీ కొండ రూపం మారుతుంది. ఏ దూరంలో ఉన్నవాడికైనా పోల్చుకోవడానికి పనికొచ్చేలా మూడు చోట్ల నుంచి గీశాడు.

కొండల మీద కనిపించే అక్షరాలు దిక్సూచి దిశలు. ఆనాటి దిక్సూచి చక్రాన్ని 32 భాగాలు చేసేవారు, ఒక్కో భాగం 11¼ డిగ్రీలు. శిఖరం మీద ‘ఎన్.ఈ. బై ఈ.’ అని ఉంటే, ఓడ నుంచి చూసినప్పుడు ఆ శిఖరం సరిగ్గా ఈశాన్యానికి ఒక భాగం తూర్పుగా ఉందని అర్థం. పక్కనే అంకె, ‘ఎల్’ అనే అక్షరం ఉంటే అది లీగుల్లో దూరం. సముద్రం మీద లీగు అంటే 3 నాటికల్ మైళ్లు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ దిశలు సాధారణంగా అయస్కాంత దిశలే. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో మధ్యధరాలో చాలాచోట్ల దిక్సూచి ముల్లు నిజమైన ఉత్తరానికి 10 డిగ్రీలకు మించి పడమర వైపు తిరిగి ఉండేది. ఈ తేడాను సరిచేయకుండా నేటి పటం మీద గీతలు గీస్తే ఓడ కొండ మీద తేలుతుంది.

అక్షరాలు లేని పుటల్లో కూడా ఓడ స్థానం పట్టుకోవచ్చు. రెండు శిఖరాలు ఒకదాని వెనుక ఒకటి సరిగ్గా కలిసిన చోటు, ద్వీపం అంచు వెనక నుంచి కోట బురుజు అప్పుడే బయటపడుతున్న చోటు ఉన్నాయేమో చూడండి. అలాంటి కలయిక ఒకే ఒక సరళరేఖ మీద ఉన్న ఓడకే కనిపిస్తుంది. చిత్రంలో అలాంటివి రెండు దొరికితే, ఆ రెండు రేఖలు పటం మీద ఎక్కడ కలుస్తాయో అక్కడే ఓడ ఉంది. బాగా గీసిన స్కెచ్‌లో ఈ కలయికల దగ్గర పెన్సిల్ గీత కాస్త ఒత్తిగా ఉంటుంది, ఒక్కోసారి చిన్న నిలువు గీతో శిలువ గుర్తో కూడా ఉంటుంది. గీసినవాడు కావాలనే ఆ క్షణం కోసం ఆగాడని దాన్నిబట్టి తెలుస్తుంది. నాకు ఈ చిత్రాల్లో అన్నిటికంటే ఇష్టమైనది ఆ చిన్న గీత.

రంగుల దగ్గరికి వద్దాం. కదిలే ఓడ మీద పని చేసేవాడికి మొదట కావలసింది వేగం, అందుకే అంతా పెన్సిల్‌తోనే మొదలవుతుంది. శిఖరానికీ శిఖరానికీ మధ్య కోణాన్ని సెక్స్టాంట్‌తో కొలిచి, ఆ నిష్పత్తిలో కాగితం అంచున గుర్తులు పెట్టుకుని, వాటి మధ్య గీత నింపేవారు. రంగు వేసే వ్యవధి లేనప్పుడు ‘తెల్ల గోడ’, ‘ఎర్ర మట్టి’ అని పొట్టి మాటల్లో రాసుకుని, తర్వాత గదిలో కూర్చుని పలచని పూతలు వేసేవారు. నీరు కలిపి రుద్దుకునే గట్టి రంగు బిళ్లలు లండన్‌లో రీవ్స్ దుకాణం నుంచి 1780లలోనే దొరికాయి, విన్సర్ అండ్ న్యూటన్ మెత్తని రంగులు 1830లలో, లోహపు గొట్టాల్లో నింపిన నీటిరంగులు 1846లో వచ్చాయి. తైలవర్ణాలతో పోలిస్తే ఈ సరంజామా జేబులో పడుతుంది, నిమిషాల్లో ఆరుతుంది. చిత్రలేఖనం వారికి శిక్షణలో భాగం కూడా. పోర్ట్స్‌మత్‌లోని రాయల్ నేవల్ కాలేజీలో 1811 నుంచి 1836 దాకా జాన్ క్రిస్టియన్ షెట్కీ అనే పేరున్న సముద్ర చిత్రకారుడు డ్రాయింగ్ మాస్టారుగా ఉన్నాడు. తర్వాత ఆయన వెళ్లింది కంపెనీ సైనికాధికారులను తయారుచేసే అడిస్కంబ్ విద్యాలయానికి. మన గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ అంతకు ముందు చదువుకున్నది అక్కడే.

తీరిక ఎక్కడిది అని మీకు అనిపించవచ్చు. తూర్పు మధ్యధరా నుంచి ప్లేగు భయం ఉన్న రోజులవి. అక్కడి నుంచి మాల్టా చేరిన ఓడలు వలెట్టా నగరానికి పక్కనే ఉన్న మార్సంషెట్ రేవులో, మనోయెల్ ద్వీపంలోని లజారెత్తో అనే క్వారంటైన్ భవనం ముందు, ఎవరూ నేల మీద అడుగు పెట్టకుండా రోజుల తరబడి క్వారంటైన్‌లో ఉండవలసి వచ్చేది. తేనెరంగు సున్నపురాతి బురుజులు ఎదురుగా ఉంటాయి, ఉదయం నుంచి సాయంత్రం దాకా వాటి మీద వెలుతురు మారుతూ ఉంటుంది, ఓడ కదలదు. మాల్టాను గీసిన స్కెచ్‌లలో మార్సంషెట్ వైపు దృశ్యం కనబడితే తేదీని ఈ సంగతితో పోల్చి చూడండి. దూరంగా సాగే ఓడ మీద నుంచి వేసిన పుటకూ, లంగరు వేసిన ఓడ మీద నుంచి వేసిన పుటకూ మధ్య తేడా కంటికి ఆనుతుంది. రెండో రకంలో నీటిలో నీడలు ఉంటాయి, రాతి వరుసలు ఉంటాయి, కాగితం మీద రెండో పూత, మూడో పూత ఉంటుంది. అక్కడ అధికారి పని ముగిసి చిత్రకారుడి పని మొదలైంది.

గులాబి ఆకాశం గురించి కొంత విపుల సమాధానం అవసరం, ఎందుకంటే చాలామంది దాన్ని సూర్యోదయంగానో సూర్యాస్తమయంగానో పొరబడతారు. ఆనాటి ఆంగ్ల చిత్రకారులు మబ్బుల బూడిదరంగు కోసం నీలిమందులో ఇండియన్ రెడ్ అనే ఇనుపధాతువు ఎరుపును కలిపేవారు. మన కడప సీమలోనూ విస్తారంగా పండించి లండన్ సంతకు పంపిన అదే మొక్క నీలి ఇది. ఇనుప ఎరుపు వెలుతురుకు చెక్కుచెదరదు, నీలిమందు మాత్రం నెమ్మదిగా వెలిసిపోతుంది. గోడకు తగిలించిన చిత్రంలో నీలం పోయి ఎరుపు మిగలడంతో బూడిదరంగు మబ్బు గులాబి మబ్బు అయింది. రసెల్, ఆబ్నీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు నీటిరంగులపై వెలుతురు ప్రభావాన్ని పరీక్షించి 1888లో బ్రిటిష్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక ఈ మార్పును ప్రయోగాలతో నిరూపించింది. నేడు మ్యూజియంలు నీటిరంగుల చిత్రాలను 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురుకు మించకుండా చూపించడం వెనక ఆ పరిశోధనల చరిత్ర ఉంది. మీరు చేయదగిన పరీక్ష సులువైనది. చిత్రం అంచులకు ఎప్పుడైనా అట్ట చట్రం కప్పి ఉంటే, ఆ చట్రం కింద దాగిన సన్నని పట్టీలో పాత నీలం ఇంకా ఉంటుంది. డిజిటల్ ప్రతిని అంచుల దాకా పెద్దది చేసి చూడండి. నీడలు పొట్టిగా, కొండకు ఒకే పక్క కాక గుంటల్లో మాత్రమే పడి ఉంటే అది మధ్యాహ్నమే, ఆకాశం ఏ రంగులో ఉన్నా సరే. మూసి ఉంచిన పుస్తకంలోని స్కెచ్‌లు చట్రంలో వేలాడిన వాటికంటే ఎంతో మేలైన స్థితిలో మిగలడం కూడా ఇందువల్లే.

ఈ తీరాలను నమ్మవచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు: నమ్మవచ్చు, కొన్నిచోట్ల ఇంకే ఆధారం లేదు కాబట్టి నమ్మక తప్పదు కూడా. 1831 జూలైలో సిసిలీలోని షాక్కా పట్నానికీ పంతెల్లేరియా ద్వీపానికీ మధ్య సముద్రంలో అగ్నిపర్వతం బద్దలై కొత్త ద్వీపం ఒకటి పైకి వచ్చింది. రాపిడ్ అనే నౌక అధిపతి స్విన్‌బర్న్ దాన్ని దగ్గర నుంచి చూసి నివేదిక పంపాడు. ఆగస్టు 2న కెప్టెన్ సెన్‌హౌస్ దాని మీద దిగి బ్రిటిష్ జెండా పాతి గ్రాహం ద్వీపం అని పేరు పెట్టాడు. నేపుల్స్ రాజు పేరిట దాన్ని ఫెర్దినాందియా అన్నారు, ఫ్రెంచివారు జూలియా అన్నారు. బూడిద, రాళ్లపొడి తప్ప గట్టి శిల లేని ఆ దిబ్బ సుమారు 60 మీటర్ల ఎత్తుకు పెరిగి, మూడు రాజ్యాలు దాని కోసం వాదులాడుకుంటుండగానే అలల తాకిడికి కరిగి, ఆ ఏడాది ముగిసేసరికి మాయమైంది. ఇప్పుడు దాని కొన అలలకు కొద్ది మీటర్ల కింద ఉంది. ఆ కొద్ది నెలల్లో ఓడల మీద నుంచీ, దాని మీద దిగీ వేసిన చిత్రాలే ఆ తీరానికి మిగిలిన రూపం. ఫొటోగ్రఫీ అప్పటికి జనం చేతికి రాలేదు. ద్వీపం సరిగ్గా ఎక్కడ పుట్టిందన్న విషయంలో వచ్చిన పొరపాటును సరిదిద్దుతూ 1832లో రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం రాసింది మన స్మిత్.

క్రీటు ద్వీపం ఉదాహరణ వేరే తరహాది. 1850లలో అక్కడ సర్వే చేసిన థామస్ స్ప్రాట్, పడమటి తీరపు రాతి గోడల మీద ఒకనాటి నీటిమట్టం చెక్కిన గీత ఇప్పటి అలలకు ఎంతో ఎత్తున ఉండటం, ఫలసర్నాలోని ప్రాచీన రేవు నీరు లేకుండా నేల మీదికి వచ్చి ఉండటం గమనించి, ద్వీపం ఆ వైపు పైకి లేచిందని చెప్పాడు. ఆ లేచిన ఎత్తు కొన్నిచోట్ల 9 మీటర్ల దాకా ఉందని, సామాన్య శకం 365లో వచ్చిన మహాభూకంపం దానికి కారణమని తర్వాతి భూవిజ్ఞానులు తేల్చారు. నీటి అంచును అంత శ్రద్ధగా చూసే అలవాటు నావికుడికి ఉద్యోగం నేర్పినది. షికారుకు వచ్చిన చిత్రకారుడు ఆ రాతి గీతను నీడగా తలచి దాటిపోయేవాడు.

గీయడం ప్రమాదం లేని పనేమీ కాదు. గాలి వేగపు కొలమానానికి తన పేరు మిగిల్చిన ఫ్రాన్సిస్ బ్యూఫర్ట్ 1811, 1812లలో ఫ్రెడరిక్‌స్టీన్ అనే నౌక మీద నేటి టర్కీ దక్షిణ తీరాన్ని సర్వే చేశాడు. అప్పట్లో ఆ ప్రాంతాన్ని కారమానియా అనేవారు. ఆయన తండ్రి ఐర్లండ్ పటం గీసిన మతబోధకుడు, కాబట్టి గీత ఇంట్లోనే అబ్బింది. లోతులు కొలిచే పని మీద వెళ్లినా, సీదే వంటి చోట్ల ప్రాచీన రంగస్థలాల శిథిలాలను కొలతలతో సహా నమోదు చేశాడు, కొండ మీద ఎడతెగక వెలిగే యనార్తాష్ మంటను రాత్రిపూట సముద్రం నుంచి చూసి మర్నాడు దాన్ని వెతుక్కుంటూ వెళ్లాడు. 1812 జూన్ 20న అయాస్ దగ్గర ఒడ్డున ఉన్నవారు కాల్పులు జరపడంతో బ్యూఫర్ట్ తుంటిలో తూటా దిగింది, ఒక యువ మిడ్‌షిప్‌మన్ (శిక్షణలో ఉన్న అధికారి) చనిపోయాడు, సర్వే అక్కడితో ఆగిపోయింది. 1829 నుంచి 1855 దాకా ఆయనే అడ్మిరాల్టీ జలపటాల అధిపతిగా ఉండి, మధ్యధరా సర్వేలన్నిటినీ నడిపించాడు.

కాల్చినవారి అనుమానం పూర్తిగా నిరాధారమని నేను అనలేను. రేవును గీసేవాడు కోటలో ఫిరంగుల కంతలు ఎన్నో కూడా లెక్క పెట్టుకుంటాడు, మీ సంపుటిలోని రేవు దృశ్యాల్లో బురుజుల మీది నల్లని చతురస్రాలను లెక్కించి చూస్తే మీకే తెలుస్తుంది. ఈ సందర్భంలో ఒక చిన్న పక్కదారి: స్మిత్ కుమార్తె కొడుకే స్కౌట్ ఉద్యమం స్థాపించిన బేడెన్ పోవెల్. స్మిత్ కొడుకు మాల్టా గవర్నరుగా ఉన్న 1890ల తొలి ఏళ్లలో ఈ మేనల్లుడు అక్కడ గూఢచారి విభాగంలో పనిచేశాడు. డాల్మేషియా తీరపు కోట నమూనాను సీతాకోకచిలుక రెక్కల గీతల్లో దాచి గీసిన సంగతి ఆయనే తర్వాత రాసుకున్నాడు.

సంపుటిలోని ప్రతి పుటా ఆ అధికారి స్వయంగా గీసినదేనా అన్నది మీరు అడగలేదు, కానీ అడగవలసిన ప్రశ్న. మెనోర్కాలోని మహోన్ రేవులోనూ, తర్వాత మాల్టాలోనూ స్థిరపడిన ఆంటన్ ష్రాంజ్, అతని కొడుకుల వంటి వృత్తి చిత్రకారులు ఓడలనూ రేవులనూ చక్కగా గీసి నౌకాదళ అధికారులకు అమ్మేవారు. ఓడల మీద ఒకరి స్కెచ్‌ను మరొకరు నకలు తీసుకోవడమూ మామూలే. కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి తీసిన ఫొటో ఉంటే నీటిముద్ర చూడండి. వాట్‌మన్ వంటి ఆంగ్ల కాగితాల మీద 1794 తర్వాత తయారీ సంవత్సరం కూడా కనిపిస్తుంది. చిత్రం మీద 1816 అని ఉండి కాగితం 1821 నాటిదైతే అది తర్వాత ఎత్తి రాసిన శుభ్రప్రతి. అచ్చులోకి వెళ్లిన వాటితో మరింత జాగ్రత్త అవసరం. రాగిరేకు చెక్కేవాడు ఎన్నడూ ఆ తీరం చూడనివాడు కావచ్చు. ముందుభాగంలో చెట్టునో, బట్టలుతికే స్త్రీలనో చేర్చి, కొండను నిట్టనిలువుగా లేపిన అచ్చు ప్రతులు చాలానే ఉన్నాయి. పెన్సిల్ గీత కనిపించే స్కెచ్‌కూ దానికీ తేడా వస్తే నేను ఎప్పుడూ స్కెచ్ పక్షమే వహిస్తాను.

ఈ చిత్రాల్లో నాకు వెలితిగా అనిపించేది మనుషుల విషయం. కొండకు పేరు చెప్పినవాడు, నీటి కింద రాయి ఎక్కడుందో చూపించినవాడు, తన పడవలో ముందు నడిచి దారి చూపినవాడు ఓడలను రేవులోకి నడిపే ఆ ఊరి పైలటో జాలరో అయి ఉంటాడు. పుట మూలన అధికారి సంతకం ఉంటుంది, అతని పేరు ఉండదు. అతని పడవ మాత్రం ఉంటుంది. మాల్టా పడవ స్పెరొనారాను, లాటీన్ అనే ముక్కోణపు తెరచాప కట్టిన ఫెలూకాను తాళ్లతో సహా పొరపాటు లేకుండా గీస్తారు, ఎందుకంటే నావికుడి కన్ను తెరచాప దగ్గర అబద్ధం చెప్పదు. ఆ పడవల రకాన్ని బట్టి రేవును గుర్తించడం కూడా సాధ్యమే.

మీరు ఇప్పుడు చేయవలసింది ఆ మూడు పుటల కొండతో మొదలుపెట్టడం. గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం ఆన్‌లైన్ సేకరణలో ఆ కాలపు అధికారుల స్కెచ్‌ పుస్తకాలు ఉన్నాయి, పోల్చడానికి పనికొస్తాయి. సర్వే అధికారుల అసలు కాగితాలు టాంటన్‌లోని యునైటెడ్ కింగ్‌డమ్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. కొండల ఎత్తును చూపే ఏదైనా ఉచిత పటంలో ఆ తీరాన్ని తెరిచి, శిఖరాలు ఏ చోటి నుంచి చూస్తే అదే వరుసలో వస్తాయో వెతకండి. అధికారి పనిచేసిన ఓడ పేరు సంపుటి వివరాల్లో ఉంటే, ఆ ఓడ లాగ్ పుస్తకం లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో దొరికే అవకాశం ఎక్కువ. అందులో ఆ రోజు మధ్యాహ్నపు స్థానం, గాలి దిశ, కనిపించిన తీరాల దిశలు రాసి ఉంటాయి. కొండల మీది అక్షరాలను, అంకెలను, పుట మూలనున్న తేదీని ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ రాస్తే అయస్కాంత తేడా సరిచేసి ఆ ఓడ ఎక్కడుందో లెక్కకట్టి చెబుతాను.